అటక మీది వాల్వు రేడియోను మళ్ళీ పలికించే పద్ధతి

పాత వాల్వు రేడియోను, అంటే లోపల గాజు గొట్టాల వంటి వాల్వులతో నడిచే రేడియోను, ఇంటికి తెచ్చిన రోజున దాని ప్లగ్గును గోడకు పెట్టకూడదు. ఇంకేది మరచిపోయినా ఈ ఒక్క మాట మరచిపోవద్దని ముందుగానే కోరుతున్నాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనమామగారి ఇంటి అటక మీద ముప్పై ఏళ్ళు పడి ఉన్న సెట్టును మొదటిసారి కిందికి దించినప్పుడు, దుమ్ము తుడిచిన పది నిమిషాలకే నేను స్విచ్చి వేశాను. డయలు వెనుక దీపం వెలిగింది, స్పీకరులో గుర్రుమనే శబ్దం వచ్చింది, ఇంట్లో అందరం సంతోషించాము. ఆ తరువాత రెండు నిమిషాలైనా గడవకముందే మైనం కాలిన వాసన వచ్చి సెట్టు మూగబోయింది. ముప్పై ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్న, స్పీకరుకు శబ్దాన్ని అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నా తొందర వల్ల కాలిపోయింది. దానిని కాల్చింది చిటికెన వేలంత కండెన్సరు (కెపాసిటరు అని కూడా అంటారు) ఒక్కటే. అది ఎలా కాలుస్తుందో, దానిని ఎలా ఆపాలో చెప్పడమే ఈ వ్యాసంలోని ముఖ్యమైన పని.

ఈ సెట్ల మీద మా వైపు వాళ్ళకు ఉన్న మమకారం ఎక్కడిదో కూడా కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అందులో చేరాయి. ఇళ్ళలో మాట తెలుగుగానే ఉండిపోయింది, బడిలోకీ ప్రభుత్వ కచేరీలోకీ ఒడియా వచ్చింది. కటకం (కటక్) ఆకాశవాణి 1948లో, విశాఖపట్నం ఆకాశవాణి 1963లో మొదలయ్యాయి. మీడియం వేవ్ మీద విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ అయితే కటకం 972. డయలు మీద ఈ రెండింటి మధ్య వేలెడు దూరమైనా ఉండదు. మీటను కాస్త ఇటు తిప్పితే తెలుగు వార్తలు, కాస్త అటు తిప్పితే ఒడియా వార్తలు వినిపించే ఆ పెట్టె, రెండు భాషల మధ్య బతికే ఇంటికి ఎంతగా అతికిందో, ఆ ఇంట్లో పెరిగినవారికి వివరించి చెప్పనక్కరలేదు. చేతిలో ఫోను ఉండగా ఈ బరువైన పెట్టె ఎందుకని పిల్లలు అడిగితే నేను మాటలతో జవాబు చెప్పను. సాయంత్రం పూట సెట్టు వేసి, వాల్వులు వేడెక్కే ఆ అర నిమిషం వాళ్ళను పక్కన కూర్చోబెడతాను.

కొనే ముందు చూడవలసినవి

మా ప్రాంతంలో ఈ సెట్లు మూడు చోట్ల దొరుకుతాయి: బంధువుల ఇళ్ళ అటకల మీద, పట్టణాల పాత ఇనుప సామాన్ల కొట్లలో, మూతబడిన రేడియో రిపేరు దుకాణాల వెనుక గదుల్లో. మొదటిదే మేలు. ఇంటి సెట్టు అయితే ఎప్పుడు ఆగిందో, ఎవరు విప్పారో చెప్పగలిగేవారు ఉంటారు. దానితోపాటు ఒకప్పుడు పోస్టాఫీసులో రుసుము కట్టి తీసుకున్న రేడియో లైసెన్సు పుస్తకం కూడా దొరికితే దానిని పారవేయకుండా సెట్టుతోనే ఉంచండి.

వెనుక అట్ట తీసి లోపల చూడకుండా ఏ సెట్టునూ కొనవద్దు. అమ్మేవారు పలికించి చూపిస్తామన్నా వద్దనండి. ముందు వాల్వులన్నీ ఉన్నాయో లేదో లెక్క చూడాలి. ఖాళీ సాకెట్లు కనిపిస్తే వాటి పక్కన అచ్చువేసిన పేర్లు రాసుకోవాలి, ఎందుకంటే అన్ని వాల్వులూ ఒకేలా దొరకవు. స్పీకరును నడిపే ఈ.ఎల్. 84 వంటి అవుట్‌పుట్ వాల్వులను గిటారు ఆంప్లిఫయర్ల కోసం ఇప్పటికీ తయారు చేస్తున్నారు, ఈ.సీ.హెచ్. 81 వంటివి పాత నిల్వలలో వెతుక్కోవలసిందే. వాల్వు గాజు పైభాగంలో వెండి రంగు పూత కనిపిస్తుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరిందనీ, ఆ వాల్వు ఇక పనికిరాదనీ అర్థం.

తరువాత వాల్వు పేరులోని మొదటి అక్షరం చూడండి. ఈ గుర్తు నేర్చుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది గాని అది ప్రాణం కాపాడుతుంది. వాల్వుల పేర్లు ఇంగ్లీషు అక్షరం 'ఈ'తో మొదలైతే వాటి లోపల వేడెక్కే తీగకు, అంటే ఫిలమెంటుకు, 6.3 వోల్టులు కావాలి. సాధారణంగా అటువంటి సెట్టులో పెద్ద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 'యు'తో మొదలైతే, అంటే యు.సీ.హెచ్. 81, యు.ఎల్. 84, యు.వై. 85 వంటివి ఉంటే, అది ఏసీ డీసీ రెండింటి మీదా నడిచే సెట్టు. అందులో ఫిలమెంట్లన్నీ మాలలా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఇనుప చట్రం నేరుగా ఇంటి కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒక వైపు పెడితే ఆ చట్రం మీద 230 వోల్టులూ ఉంటాయి. మీటలు ఊడిపోయి ఇనుప కాడలు బయటకు కనిపిస్తున్న అటువంటి సెట్టును ముట్టుకోవడమే ప్రమాదం. మొదటిసారి ఈ పని నేర్చుకునేవారు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టునే తీసుకోవాలని నా గట్టి సలహా.

జేబులో మల్టీమీటరు ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వు వైపు ఉండే ప్రైమరీ చుట్ట కొలవండి. కొన్ని వందల ఓములు చూపిస్తే బాగున్నట్టు. ఏమీ చూపకపోతే తీగ తెగిపోయినట్టు, ధర ఆ మేరకు తగ్గించమని అడగవచ్చు. క్యాబినెట్టు బయట ఎంత మురికిగా ఉన్నా కంగారు పడవద్దు. చెక్కను చెదలు తిన్నదా, స్పీకరు కాగితాన్ని ఎలుకలు కొరికాయా అన్నవే చూడండి.

కండెన్సర్లు

పని మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. వాల్వు సెట్టులో వాల్వుల లోపలి ప్లేట్లకు వెళ్ళే డీసీ 200 నుంచి 300 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కండెన్సర్లలో అది నిలిచి ఉండవచ్చు. అందుచేత 10 వేల ఓముల, 5 వాట్ల రెసిస్టరును రెండు పక్కలా ఇన్సులేషన్ ఉన్న తీగలతో కట్టి, కండెన్సరు కొసకూ చట్రానికీ మధ్య పది సెకన్లు పట్టి ఉంచి, ఆ తరువాత మల్టీమీటరుతో సున్నా చూసుకున్నాకనే వేలు పెట్టాలి. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని ఒక్క కుడి చేత్తోనే పని చేయాలని పాత మెకానిక్కులు శిష్యులకు మొదటి రోజే చెప్పేవారు. కరెంటు ఒక చేతిలో నుంచి రెండో చేతిలోకి గుండె మీదుగా దారి చేసుకోకుండా చేసే ఏర్పాటు అది. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండాలి, ఇంట్లో ఇంకొకరు మేలుకుని ఉండాలి.

ఇప్పుడు మా మేనమామగారి సెట్టును కాల్చిన ఆ చిన్న భాగం సంగతి. అవుట్‌పుట్ వాల్వుకు ముందున్న వాల్వు ప్లేటు నుంచి, అవుట్‌పుట్ వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్డుకు శబ్దాన్ని అందించే కండెన్సరు ఒకటి ఉంటుంది. దాని పని శబ్దాన్ని దాటనిచ్చి డీసీని ఆపడం. ఆ కాలపు కండెన్సర్లు మైనం పట్టించిన కాగితంతో చేసినవి. మా ప్రాంతపు వానాకాలపు తేమను ఏళ్ళ తరబడి పీల్చుకున్న తరువాత ఆ కాగితం డీసీని పూర్తిగా ఆపలేకపోతుంది. గ్రిడ్డు మీదకు పాజిటివ్ వోల్టేజి జారుతుంది, అవుట్‌పుట్ వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగుతుంది, వాల్వు లోపలి ప్లేటు ఎర్రబడుతుంది, ఆ కరెంటంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని వెంట్రుక వంటి తీగ గుండా పోయి దానిని కాల్చేస్తుంది. కాబట్టి సెట్టుకు కరెంటు చూపించకముందే ఈ ఒక్క కండెన్సరును మార్చి తీరాలి. అదే విలువ గల, 630 వోల్టుల పాలియెస్టర్ ఫిల్మ్ రకం వేస్తే సరిపోతుంది. మిగిలిన కాగితపు కండెన్సర్లను కూడా ఒక్కొక్కటిగా మార్చండి. పాతది తీసి, కొత్తది అతికించి, ఫొటో తీసుకుని, ఆ తరువాతే రెండో దాని జోలికి వెళ్ళాలి. అన్నీ ఒకేసారి కత్తిరించినవారు ఏది ఎక్కడిదో తెలియక వారాల తరబడి కూర్చోవలసి వస్తుంది.

ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు పక్కన అల్యూమినియం డబ్బాలలో ఉండే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉంటాయి. వాటి స్థానంలో 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి వేయవచ్చు. పెద్దది వేస్తే హమ్ము తగ్గుతుందనే ఆశతో 100, 220 వేయకండి. ఈ.జెడ్. 80 వంటి రెక్టిఫయరు వాల్వు తరువాత మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్ దాటకూడదు. దాటితే స్విచ్చి వేసిన ప్రతిసారీ ఆ వాల్వు ఆయుష్షు కరిగిపోతుంది. ప్లస్, మైనస్ కొసలు తారుమారైతే కొత్త కండెన్సరు పేలుతుంది, రెండుసార్లు చూసుకోండి. పాత డబ్బాలను తీగలు విడదీసి చట్రం మీదే ఉంచి, కొత్తవాటిని అడుగు భాగంలో అమర్చితే పైనుంచి చూసినప్పుడు సెట్టు రూపం మారదు. నేను అలాగే చేస్తాను.

సోల్డరింగ్ ఎన్నడూ చేయనివారు ఈ భాగాన్ని ఊళ్ళోని పాత రేడియో మెకానిక్కుకు అప్పగించడం మంచిది. రాయగడ, గుణుపురం, బరంపురం వంటి ఊళ్ళలో ఇప్పుడు ఫోన్లు, మిక్సీలు బాగుచేస్తున్న పెద్దవారిలో వాల్వు సెట్ల మీద పని నేర్చుకున్నవారు ఇంకా ఉంటారు. వెళ్ళి పక్కన కూర్చుని అడిగితే ఓపికగా చూపిస్తారు. వాళ్ళు అడిగిన కూలీకి బేరం ఆడకండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

దీనికి సీరీస్ బల్బు బోర్డు కావాలి. సెట్టుకు వెళ్ళే ఒక తీగలో 100 వాట్ల ఫిలమెంటు బల్బును వరుసగా కలిపి చేసే బోర్డు అది. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. సెట్టు వెనుక వోల్టేజి మార్చే బిళ్ళ ఉంటే దానిని 230కి పైన ఉన్న అంకె మీదకు, 245 లేదా 250 మీదకు పెట్టండి. ముందు రెక్టిఫయరు వాల్వు తీసేసి స్విచ్చి వేయాలి. బల్బు మసకగా వెలిగి, మిగిలిన వాల్వులలో ఎర్రని గీత కనిపించి, పావుగంట తరువాత కూడా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటే మంచిదే. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉంది, వెంటనే ఆపండి.

తరువాత కరెంటు తీసి, రెక్టిఫయరు వాల్వు పెట్టి మళ్ళీ వేయాలి. ఈసారి బల్బు ఒక్క క్షణం ప్రకాశించి నారింజ రంగులోకి దిగుతుంది. మల్టీమీటరు నల్ల కొస చట్రానికి తగిలించి, ఎర్ర కొసను అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డు మీద పెట్టండి, ఈ.ఎల్. 84లో అయితే అది కింది నుంచి చూసినప్పుడు ఖాళీ దగ్గర మొదలుపెట్టి గడియారం దిక్కుగా లెక్కిస్తే వచ్చే రెండో పిన్ను. అక్కడ ప్లస్ వోల్టులు చూపకూడదు. ఒకటి రెండు వోల్టులు ప్లస్‌లో కనిపించినా మళ్ళీ వెతకండి. అంతా సరిగా ఉంటేనే బోర్డు తీసి నేరుగా కలపాలి.

సెట్టు పలికింది గాని స్టేషన్లు బలహీనంగా ఉన్నాయనుకోండి. అప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది: అల్యూమినియం డబ్బాలలో ఉండి స్టేషనును ఏరి పట్టే ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్ల మరలు వదులయ్యాయనుకుని బిగిస్తారు. అవి మరలు కావు, శ్రుతి పెట్టే కోర్లు. వీణ బిరడాలను వదులుగా ఉన్నాయని తిప్పేసినట్టవుతుంది. పరీక్షకు సిగ్నల్ ఇచ్చే పరికరం, అంటే సిగ్నల్ జనరేటరు, లేనివారు వాటిని ముట్టుకోకూడదు. ముందు బ్యాండు స్విచ్చి, వాల్యూమ్ కంట్రోలు కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేసి చూడండి, సగం జబ్బులు అక్కడే పోతాయి.

మిగిలిన సగానికి మందు ఏరియల్. ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు, ఫోను చార్జర్లు మీడియం వేవ్ మీద రొద పోస్తాయి. పది మీటర్ల తీగను కరెంటు తీగలకు దూరంగా, మేడ మీద నుంచి కొబ్బరి చెట్టుకో మరొక స్తంభానికో ఎత్తుగా కట్టి, మంచి ఎర్తు ఇస్తే విశాఖపట్నం వంటి నూట యాభై కిలోమీటర్ల దూరపు స్టేషను పగటిపూట కూడా వినిపించే అవకాశం ఉంటుంది. ఉరుములున్నప్పుడు ఆ తీగను సెట్టు నుంచి తప్పక తీసివేయాలి. చీకటి పడ్డాక పైవాతావరణంలో మీడియం వేవ్‌ను పీల్చుకునే పొర కరిగిపోవడంతో దూరపు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వెతకడంలోని ఆనందమంతా ఆ గంటల్లోనే ఉంది.

మీడియం వేవ్ ప్రసారాలు ఏటేటా తగ్గుతున్నాయి, ఈ సెట్లలో ఎక్కువ వాటికి ఎఫ్.ఎం. లేదు. అందుకని లోపలి వాల్వులు పీకేసి బ్లూటూత్ బోర్డు అమర్చి అమ్ముతున్నారు. దయచేసి అలా చేయకండి, అటువంటివి కొనకండి కూడా. సెట్టు వెనుక గ్రామఫోన్ పికప్ కోసం రెండు రంధ్రాలు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు అయితే, ఫోను కుడి ఎడమ తీగలకు చెరొక వెయ్యి ఓముల రెసిస్టరు పెట్టి కలిపి, మధ్యలో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కండెన్సరు ఉంచి ఆ రంధ్రాలకు ఇవ్వవచ్చు. ఫోను అప్పుడు చార్జింగులో ఉండకూడదు. ఏసీ డీసీ సెట్టుకు ఈ పని ఎన్నటికీ చేయవద్దు.

పైరూపం

డయలు గాజుతో మొదలుపెడదాం, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే గనుక. మద్రాసు, కలకత్తా, సిలోను అని ఉండే ఆ పేర్లు గాజు వెనుక వైపు రంగుతో అచ్చువేసినవి. తడిగుడ్డ తగిలితే అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. ముందు వైపు మాత్రమే తుడిచి, వెనుక మెత్తని కుంచెతో దుమ్ము దులిపి వదిలేయాలి. ముల్లును నడిపే దారం తెగితే, విప్పే ముందు అది ఏ కప్పీ చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో బొమ్మ గీసుకోండి. కొత్తగా వేసేది పేనిన దారం కావాలి; చేపల గాలపు నైలాను తీగ కప్పీ మీద జారిపోతుంది.

పెట్టె దేనితో చేసిందో తెలుసుకున్నాకనే దానిని శుభ్రం చేయాలి. 1907లో లియో బేకెలాండ్ కనిపెట్టిన బేకలైటు వేడికి కరగదు, స్పిరిటుకు చెక్కుచెదరదు. బొటనవేలితో గట్టిగా రుద్దితే ఘాటైన మందు వాసన వస్తుంది. అచ్చులో పోసే ఆ పదార్థానికి మూలలు లేని రూపమే సహజమని గ్రహించి వెల్స్ కోట్స్ అనే రూపశిల్పి ఎక్కో అనే ఇంగ్లండు కంపెనీకి గుండ్రని రేడియో గీశాడు, 1934లో అది అమ్మకానికి వచ్చింది. చెక్క బీరువాను అనుకరించకుండా రేడియో తన సొంత రూపం తాను వెతుక్కున్న మేలిమి ఉదాహరణలలో అది ఒకటి. బేకలైటుకు సబ్బు నీరు, ఆపైన కారు పాలిష్ చాలు. తరువాతి కాలపు ప్లాస్టిక్ పెట్టెలకు మాత్రం థిన్నరు, పెట్రోలు తగిలితే ఉపరితలం కరిగి మచ్చ పడుతుంది. చెక్క పెట్టెల మీద ఉండే టేకు పొర మిల్లీమీటరు మందమైనా ఉండదు, గరుకు కాగితంతో రుద్దితే అడుగు చెక్క బయటపడుతుంది. మెత్తని గుడ్డతో నూనె మైనం పట్టించడమే మంచిది. స్పీకరు ముందు గుడ్డ చిరిగితే పలుచని నేత గుడ్డ వేయాలి. గుడ్డను పెదవులకు ఆనించి ఊదినప్పుడు ఊపిరి తేలికగా అవతలికి పోతే శబ్దమూ పోతుంది.

ఊడిపోయిన మీట గురించి ఒక మాట చెప్పాలి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. నా సెట్టుకు ఒక మీట లేకపోతే, మిగిలిన మీటను నమూనాగా చూపించి కొమ్ముతో ఒకటి చేయించుకున్నాను. కాడ మందం పావు అంగుళమా, ఆరు మిల్లీమీటర్లా అన్నది కొలిచి చెప్పాలి. ఆ చిన్న తేడాకే మీట వదులవుతుంది. బేకలైటు మీటలు మూడు, కొమ్ము మీట ఒకటి ఉన్న ఆ సెట్టు నా కంటికి కొత్తదానికన్నా అందంగా ఉంది.

రికార్డులు, క్యాసెట్లు

రేడియో మీద పెట్టుకునే రికార్డు ప్లేయరు దొరికితే ముల్లు సంగతి ముందు చూడండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లకు వెడల్పు ముల్లు, 1948 నుంచి వచ్చిన, నెమ్మదిగా తిరిగే ఎల్పీలకు సన్నని ముల్లు ఉంటాయి. 78 ముల్లుతో ఎల్పీ వేస్తే గాడి పాడైపోతుంది. కడిగే పద్ధతి కూడా వేరు. 78 ప్లేట్లలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి, స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది. వాటికి డిస్టిల్డ్ వాటరులో ఒక చుక్క తేలిక సబ్బు కలిపి మెత్తని గుడ్డతో గాడి వెంట తుడిచి, మధ్య కాగితం తడవకుండా వెంటనే ఆరబెట్టాలి. వేగం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి పళ్ళెం అంచుకు కాగితపు ముక్క అంటించి లెక్కించండి: ఎల్పీ వేగంలో మూడు నిమిషాలకు సరిగ్గా నూరు చుట్లు తిరగాలి. తక్కువ తిరిగితే గట్టిపడిన పాత గ్రీజును కిరోసినుతో కడిగి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి, మోటారుకూ పళ్ళేనికీ మధ్య తిరిగే రబ్బరు చక్రం నున్నగా మారితే దాని అంచును సన్నని గరుకు కాగితంతో కాస్త రుద్దండి.

క్యాసెట్ డెక్కులలో బెల్టు సాగిపోవడం, హెడ్డు మీద మురికి పేరుకోవడం ఈ రెండే తరచు కనిపించే జబ్బులు. కొత్త బెల్టు, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూది చాలావరకు వాటిని నయం చేస్తాయి.

వానాకాలం

జూన్ నుంచి అక్టోబరు దాకా మా జిల్లాలలో గోడలే చెమర్చుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచినప్పుడు నీళ్ళు చేరిన ఒక సెట్టును తరువాత నేను చూశాను. ఇంటివారు తొందరపడి ఎండలో పెట్టడంతో చెక్క పొరలు విడిపోయాయి. తడిసిన సెట్టును నీడలో, గాలి తగిలే చోట వారాల తరబడి ఆరనివ్వాలి, ట్రాన్స్‌ఫార్మర్లు లోపల ఆరేదాకా కరెంటు పెట్టకూడదు. బాగున్న సెట్టును ఈ నెలల్లో వారానికి రెండుసార్లు గంటసేపు వేయండి, వాల్వుల వేడికే లోపలి తేమ పోతుంది. గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ దూరం వదలండి.

చివరిగా మిగిలిన పని: మార్చిన కండెన్సర్ల విలువలు, మార్చిన తేదీ, గ్రిడ్డు దగ్గర చూసిన వోల్టేజి, ఇంకా మార్చవలసినవి ఒక కాగితం మీద రాసి, వేడి తగలని చోట వెనుక అట్ట లోపలి వైపు అంటించండి. మా మేనమామగారి సెట్టు లోపల పెన్సిలుతో రాసిన అటువంటి చీటీ ఒకటి ఉంది, దాని మీద అవుట్‌పుట్ వాల్వు మార్చిన సంవత్సరం ఉంది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ బదులు వేరొకటి వేసిన రోజున నేను దాని కింద రెండో వరుస రాశాను.